ముందు ఎర్రకణాన్ని వెతుకు

చర్ల,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి,

ఇక్కడ వాన వదలడం లేదు. పెదమిడిసిలేరు దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తారు. వాగుల అవతల గుంపుల నుంచి, అంటే చిన్న గూడేల నుంచి, జ్వరాలవాళ్లు రావడం తగ్గింది. తగ్గింది జ్వరాలు కాదు, దారులు. అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, నోరూ అలాగే ఉంది.

మొన్న ఫోన్లో నీ గొంతు విని మీ అమ్మ కంగారుపడింది. కొత్తగూడెం మెడికల్ కాలేజీలో సీటు వచ్చిందని వీధంతా మిఠాయి పంచిన పిల్ల, హిస్టాలజీ పేరెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటుందని ఎవరనుకుంటారు? సీనియర్లిచ్చిన జెరాక్సు కాగితాలు రాత్రి బట్టీపట్టి తెల్లారేసరికి మర్చిపోతున్నానన్నావు. ఆ పూట చెప్పాల్సింది చెప్పలేకపోయాను, ఇక్కడి సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే. అందుకని రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. నా చదువు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుతో ఆగిపోయింది. ఉద్యోగమంతా రక్తమూ, తెమడా. అయినా ఇన్నేళ్లు మైక్రోస్కోపుకి కన్ను ఆనించి కూర్చున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పగలను. నువ్వు ముందు పదం చదువుతున్నావు, తర్వాత అర్థం, టైముంటే స్లైడ్. దాన్ని తిరగెయ్యి. ముందు స్లైడ్ చూడు, తర్వాత నీ చేత్తో బొమ్మ గియ్యి, ఆ తర్వాతే కాగితంలో పదం చూడు. మామూలుగా ఉండే కణం ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే, మామూలు కానిది ఎవరూ చూపించకుండానే కనబడుతుంది. కంటికి ఆనని దానికి ఎన్ని పేర్లు నేర్చుకున్నా పరీక్ష మర్నాటికి ఉండవు.

ఏ స్లైడ్ పెట్టినా ముందు అందులో ఒక ఎర్రకణాన్ని వెతుకు. అది లివరైనా, పేగైనా, కిడ్నీ అయినా ఎక్కడో ఒక సన్న నాళంలో రెండు మూడు గులాబీరంగు బిళ్లలు చిక్కుకుని ఉంటాయి. ఆ బిళ్ల అడ్డుకొలత 7.5 మైక్రాన్లు. మైనంలో పెట్టి కోసిన ముక్కలో కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి 7 అనుకో. ఏ అవయవంలో చూసినా దాదాపు అంతే. ఇక పక్కనున్న కణం దానికి రెండింతలుందా, మూడింతలుందా, ఆ గొట్టంలో ఇలాంటివి ఎన్ని పక్కపక్కన పడతాయి అని లెక్కేసుకో. ఒక్కటే పట్టిందంటే అది క్యాపిలరీ. స్కేలు స్లైడ్ లోపలే ఉంది. ఈ కిటుకు పుస్తకాల్లో ఒక మూల ఉంటుంది గానీ ఎవరూ పట్టించుకోరు.

కొత్తలో ఎర్రకణాన్ని కోసిన ముక్కలో కన్నా రక్తపూతలో చూడటం తేలిక. సెలవులకి వచ్చినప్పుడు నీ చేత తీయిస్తాను, ఈలోగా వరస చెబుతాను. ఎడమచేతి ఉంగరపు వేలు పట్టుకో. స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితే చుక్క నిలవదు, పాకిపోతుంది. మొదటి చుక్క తుడిచెయ్యి. తర్వాతి చుక్కలు మూడు ఒకచోట కలిపి సెంటీమీటరు వెడల్పున మందపాటి పూత, ఇంకో చుక్కతో పలచటి పూత. పలచటి పూతకి ఇంకో స్లైడ్ అంచుని చుక్కకి ఆనించాలి. చుక్క అంచు పొడవునా పాకాక, 45 డిగ్రీల వాలు పట్టి ఆగకుండా ఒక్క తోపు తోయాలి. చెయ్యి వణికితే అలలు పడతాయి, భయపడి నెమ్మదిగా తోస్తే మందమైపోతుంది. బాగా వచ్చిన పూత చివర నాలుక ఆకారంలో తేలిపోతుంది. ఆ కొసకి కాస్త ఇవతల కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒకే వరసలో పరుచుకుంటాయి. చదవాల్సింది అక్కడ. ఇంకా కొసకి పోతే కణాల మధ్య ఉండాల్సిన పాలిపోయిన భాగం మాయమై అన్నీ నిండుగా కనిపిస్తాయి. మందంలోకి పోతే దొంతర్లు.

ఆ పాలిపోయిన భాగం మామూలుగా కణం వెడల్పులో మూడో వంతు ఉంటుంది. బిళ్ల రెండు వైపులా నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి మధ్యలో హిమోగ్లోబిన్ తక్కువ, రంగూ తక్కువ. మన గుంపుల నుంచి వచ్చే గర్భిణుల పూతల్లో ఆ తెలుపు సగానికి మించి, అంచున సన్నటి ఎర్ర గీత మాత్రం మిగిలినవి నువ్వే చూస్తావు. హైపోక్రోమిక్ అనే పదం నీ కాగితంలో ఉంది కదా, అదే ఇది. ఇనుము చాలని రక్తం.

మందపాటి పూతలో ఇంకో సంగతి ఉంది. పలచటి పూతని మిథనాల్‌లో ముంచి గట్టిపరుస్తాం. మందపాటిదాన్ని అలా చెయ్యం, నీళ్లు తగలనిస్తాం. కణం లోపల ఉప్పూ మాంసకృత్తులూ ఎక్కువ, బయట నీళ్లు పలచన. నీరు పొర దాటి లోపలికి వెళుతుంది, కణం ఉబ్బి పగులుతుంది, హిమోగ్లోబిన్ కారిపోతుంది. తెల్లకణాలూ మలేరియా పరాన్నజీవులూ మిగులుతాయి. అన్నన్ని ఎర్రకణాల్ని అడ్డు తొలగించుకున్నాం కాబట్టే తక్కువ పరాన్నజీవులున్నా పట్టుకోగలం. ఆస్మాసిస్, హైపోటోనిక్, హీమోలైసిస్ – నీ మొదటి పేజీలోని మూడు పదాలు మా ల్యాబ్‌లో రోజూ ఒక్క స్లైడ్ మీద జరిగే పని.

ఇక ఎర్రకణంలో లేనివాటి సంగతి. ఎముక మూలుగలో పుట్టేటప్పుడు దానికి కేంద్రకం ఉంటుంది. బయటికి వచ్చే ముందు కేంద్రకాన్ని నెట్టేస్తుంది. మైటోకాండ్రియా, రైబోజోములు కూడా పోతాయి. ఊపిరితిత్తుల నుంచి ఒంటినిండా ఆక్సిజన్ మోసే కణం తను మాత్రం ఆ ఆక్సిజన్ వాడుకోలేదు. గ్లూకోజుని సగంలో విరిచి వచ్చే కాస్త ఏటీపీతో 120 రోజులు బతుకుతుంది. కేంద్రకం లేదు కాబట్టి పాడైన ఎంజైము బదులు కొత్తది చేసుకోలేదు. దీన్ని బాగా గుర్తుపెట్టుకో, మన దగ్గర ప్రాణం మీదికి వచ్చే విషయం. వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తాం. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్లకి ఆ మందు పడితే ఎర్రకణాలు తట్టుకోలేక పగిలిపోతాయి. మూత్రం నల్లటి టీ డికాక్షన్ రంగుకి వస్తుంది. మందు మొదలుపెట్టేటప్పుడే మూత్రం రంగు మారితే ఆపేసి పరుగెత్తుకు రమ్మని మా ఆశ అమ్మాయిలు ఇంటింటికీ చెప్పేది అందుకే.

ఏటీపీ అన్నాను కనుక మనవాడి మాట చెప్పకుండా ముందుకి పోలేను. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు దొరగారికి కోపం వచ్చి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. తర్వాత అమెరికాలో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ని 1927లో, ఏటీపీని 1929లో వాళ్లు బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారో పద్ధతి 1925 నాటిది, నీ బయోకెమిస్ట్రీ పుస్తకంలో ఆ పేరు తగులుతుంది. తగిలినప్పుడు పేజీ తిప్పేయకు.

సుబ్బారావు సంగతి అక్కడితో అయిపోలేదు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు, ఆయన్నీ అదే జబ్బు పట్టింది. స్ప్రూ అంటే పేగు లోపలి గోడ మీది జబ్బు. చిన్నపేగు స్లైడ్‌లో వేళ్ల మాదిరి లేచి ఉండే విల్లైలు చూస్తావు. ఒక్కో విల్లస్ మీద ఒకే వరస నిలువు కణాలు, వాటి పైఅంచున బ్రష్ బోర్డర్. తిన్నది రక్తంలోకి చేరేది ఈ గోడ దాటే. స్ప్రూలో ఆ విల్లైలు పొట్టిబడి చదునవుతాయి. గోడ వైశాల్యం పడిపోయాక ఎంత తిన్నా ఒంటబట్టదు. ముఖ్యంగా ఫోలిక్ ఆమ్లం చాలదు. అది లేకపోతే డీఎన్‌ఏ తయారీ ఆగుతుంది, ఎముక మూలుగలో కణాలు విడిపోలేక పెద్దవిగా, లేత కేంద్రకాలతో ఉండిపోతాయి. వాటిని మెగలోబ్లాస్టులంటారు. లెడర్లీ సంస్థలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, ఆ తర్వాత దానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లని కూడా. కణం విడిపోవడానికి ఫోలేటు కావాలి అని తెలిస్తే, విపరీతంగా విడిపోతున్న లుకేమియా కణాన్ని ఫోలేటు అందకుండా చేసి ఆపొచ్చని తడుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల లుకేమియా తగ్గుముఖం పట్టడం చూపింది ఆ అమినోప్టెరిన్‌తోనే. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావు పోయాడు. ఇక్కడ ఏఎన్ఎం ఐరన్ ఫోలిక్ మాత్రలు పంచుతుంటే నాకు ఆయన గుర్తుకొస్తాడు. సికిల్ సెల్ ఉన్న పిల్లలకి కూడా రోజూ ఫోలిక్ మాత్రే ఇస్తారు. తొందరగా చచ్చిపోయే ఎర్రకణాల బదులు మూలుగ ఆగకుండా కొత్తవి చెయ్యాలి కదా.

సరే, నిన్ను ఎక్కువ ఏడిపించిన ఎపిథీలియం జాబితాకి వస్తాను. ఆ పొడవాటి పేర్లు చూసి బెదరకు. ఒక్కో పేరులో రెండు మూడు ప్రశ్నలకి జవాబు ఉంటుంది. ఎన్ని వరసలు? పై వరస కణం ఆకారమేంటి? దాని నెత్తిన ఏమైనా ఉందా? ఒకటే వరసైతే సింపుల్, ఎక్కువైతే స్ట్రాటిఫైడ్. పలకగా పరుచుకుంటే స్క్వామస్, ఎత్తూ వెడల్పూ సమానమైతే క్యూబాయిడల్, నిలువుగా పొడుగైతే కాలమ్నార్. వరసలు ఎక్కువున్నప్పుడు పేరు పెట్టేది పై వరసని చూసే. ఆహారవాహికలో అడుగు వరస కణాలు పలకగా ఉండవు, పైకి వచ్చేకొద్దీ పలకబారతాయి, అయినా అది స్ట్రాటిఫైడ్ స్క్వామసే. వైవాలో పిల్లలు జారేది ఇక్కడ. శ్వాసనాళంలో కేంద్రకాలు మూడు వరసల్లో కనిపించి మోసం చేస్తాయి. కానీ ప్రతి కణమూ అడుగున ఉన్న బేస్‌మెంట్ మెంబ్రేన్‌ని తాకుతూనే ఉంటుంది, కొన్ని పైదాకా చేరవంతే. అందుకే సూడోస్ట్రాటిఫైడ్.

ఎక్కడ ఏ రకం ఎందుకుందో అడుగుతూ పోతే సగం జాబితా దానంతటదే వస్తుంది. ఊపిరితిత్తిలో గాలి దాటాలి, కాబట్టి ఒకే వరస పలక కణాలు. చర్మం రాపిడికి తట్టుకోవాలి, కాబట్టి వరస మీద వరస, పైన చచ్చిన కెరటిన్ పొర. తునికాకు కాలంలో చెప్పుల్లేకుండా అడవంతా తిరిగే మనవాళ్ల మడమల్ని తలుచుకో, థిక్ స్కిన్ స్లైడ్‌లో స్ట్రాటమ్ కార్నియం ఎందుకంత దట్టంగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు ఐదారు వరసలు కనబడతాయి, నిండితే సాగి రెండు మూడు వరసలే అనిపిస్తుంది. ట్రాన్సిషనల్ అనే పేరు ఆ సాగే గోడకే. పై వరసలో పెద్ద గొడుగు కణాలు పట్టుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. నువ్వు చూసేది కోసిన ముక్క. అదీ 5 మైక్రాన్ల మందం, ఒక ఎర్రకణం వెడల్పు కూడా లేదు. కాబట్టి ఒక కణంలో కేంద్రకం కనబడలేదంటే కత్తి దాని పక్క నుంచి పోయిందేమో అనుకోవాలి. కోత వాలు కూడా చూసుకోవాలి. వెదురు బొంగుని అడ్డంగా కొడితే గుండ్రటి కంత, ఏటవాలుగా కొడితే కోడిగుడ్డు ఆకారం, నిలువుగా చీలిస్తే రెండు గీతలూ మధ్య కాలవా. బొంగు అదే. కిడ్నీ గొట్టాలన్నీ అంతే. గుండ్రంగా ఉన్నదొకటి, పొడుగ్గా ఉన్నదొకటి అని రెండు పేర్లు రాసి రాకు. ఒకే వరస గోడ కూడా ఏటవాలు కోతలో నాలుగు వరసలుగా కనిపిస్తుంది. అనుమానం వస్తే స్లైడ్ జరిపి నిటారుగా కోత పడ్డచోటు వెతుకు.

రంగులకి కూడా మరీ లొంగిపోకు. హీమటాక్సిలిన్ నీలం, ఇయోసిన్ గులాబి, ఇంతే మీ స్లైడ్లన్నీ. న్యూక్లిక్ ఆమ్లాలున్నచోట నీలం పడుతుంది. కేంద్రకం కాకుండా సైటోప్లాజం కూడా నీలంగా ఉందంటే అక్కడ ఆర్‌ఎన్‌ఏ దండిగా ఉంది, ఆ కణం ప్రొటీన్లు తయారుచేసే పనిలో ఉంది. పాంక్రియాస్ స్లైడ్‌లో ఒక్కో కణం అడుగు నీలంగా, పైభాగం గులాబిరంగు రేణువులతో ఉంటుంది. అడుగున తయారీ, పైన నిల్వ. బేసోఫిలిక్, అసిడోఫిలిక్, జైమోజెన్ గ్రాన్యూల్స్ అనే మూడు పదాలూ ఆ ఒక్క కణంలో దొరుకుతాయి. ఖాళీగా ఉన్నచోట కూడా ఆగు. కొవ్వు కణంలో ఆ తెల్లటి చోటు నిండా కొవ్వు ఉండేది, జైలీన్‌లో కరిగిపోయింది. గాబ్లెట్ కణం లేతగా ఉంటే దానికి కారణం మ్యూకస్ ఈ రంగులు పట్టకపోవడం.

ఇప్పుడు సికింద్రాబాద్ కథ. మలేరియాని దోమ మోస్తుందని తేల్చిన రొనాల్డ్ రాస్ పేరు నీకు క్విజ్‌లో తెలుసు. తేదీ కూడా చెబుతావు, 1897 ఆగస్టు 20. ఆయన చేసిన పని హిస్టాలజీ అని మాత్రం ఎవరూ చెప్పరు. అంతకు ముందు రెండేళ్లుగా దోమల్ని కోసి కోసి వాటి పొట్ట గోడలో మామూలు కణాలు ఎలా ఉంటాయో ఆయనకి కంఠతా వచ్చేసింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించిన దోమల్లో ఒకదాన్ని ఆ రోజు కోసి చూస్తే, పొట్ట గోడలో గుండ్రంగా, అంచు బాగా తేరి, దాదాపు 12 మైక్రాన్లున్న కణం కనిపించింది. దోమ పొట్ట కణంతో పోలిస్తే అది చిన్నది, అంచు మరీ కచ్చితం. లోపల నల్లటి పిగ్మెంటు రేణువులు. ఆ పిగ్మెంటు ఆయనకి కొత్త కాదు, మలేరియా రోగుల ఎర్రకణాల్లో రోజూ చూసేదే. పరాన్నజీవి హిమోగ్లోబిన్ తినగా మిగిలిన చెత్త అది. మర్నాడు ఇంకో దోమని కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవైనాయి. పెరుగుతున్నాయంటే ప్రాణమున్నదే. దానికి 1902లో నోబెల్ ఇచ్చారు. కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కి దోమకో అణా ముట్టింది. ఇద్దరి కూలీలూ నువ్వే బేరీజు వేసుకో. మామూలు పొట్ట కణం కొలత కంటికి ఎక్కకపోతే రాస్ ఆ స్లైడ్‌ని కూడా పక్కన పడేసేవాడు.

మా స్లైడ్లలో కూడా కొలతే పని చేస్తుంది. వైవాక్స్ లేత ఎర్రకణాల్లో దూరుతుంది, దూరిన కణం ఉబ్బి పక్కవాటికన్నా పెద్దదవుతుంది. మలేరియాలో ఇంకో రకమైన ఫాల్సిపారం దూరిన కణం ఉబ్బదు. కంటికి ఆనేది సన్నటి ఉంగరాలు, ఒక్కోసారి ఒకే కణంలో రెండు. ముదిరిన దశలు వేలి రక్తంలో దాదాపు కనిపించవు, నెలవంక ఆకారపు గామెటోసైట్లు తప్ప. మిగతావి ఎక్కడికి పోయాయి? సన్న నాళాల లోపలి గోడకి అంటుకున్నాయి. ఆ గోడ ఎండోథీలియం, అంటే ఒకే వరస పలక కణాలు, నీ జాబితాలో మొదటి పేరు. మెదడులో ఒక ఎర్రకణం పట్టే సందులో ఇవి అంటుకుపోతే వెనక రక్తం ఆగిపోతుంది. సాయంత్రం మాట్లాడిన పిల్లాడు తెల్లారి పలకడు. పీఎఫ్, అంటే ఫాల్సిపారం, అని రిపోర్టు రాసేటప్పుడు మేం ఎందుకు గొంతు పెంచుతామో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

వైవాక్స్ ఇంకో చోట దాక్కుంటుంది, కాలేయ కణంలో. దోమ వదిలిన స్పోరోజాయిట్లు రక్తంలో కొట్టుకుపోయి లివర్ సైనుసాయిడ్‌లకి చేరతాయి. అక్కడి నాళాల గోడ సందులతో ఉంటుంది. గోడలోనే కాపలా ఉండే కుప్ఫర్ కణాలున్నా, దాటుకుని హెపటోసైట్‌లోకి పోతాయి. వాటిలో కొన్ని నెలల తరబడి అక్కడే నిద్రపోతాయి, హిప్నోజాయిట్లు అంటారు. జ్వరం తగ్గిందనుకున్నవాడికి మళ్లీ చలి పుట్టేది వాటివల్ల. ప్రైమాక్విన్ ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది కదా.

ప్లీహం స్లైడ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చో. లింఫ్ నోడ్ అని పొరబడతారు చాలామంది. బయట కార్టెక్స్, లోపల మెడుల్లా అని విడదీయగలిగితే లింఫ్ నోడ్. అలా లేక, ఎర్రటి మైదానంలో అక్కడక్కడా నీలం ముద్దలుంటే ప్లీహం. నీలం ముద్దలు వైట్ పల్ప్, వాటిలో పక్కకి జరిగిన చిన్న ధమని కనబడాలి. ఎర్ర భాగం రెడ్ పల్ప్. అక్కడ ఎర్రకణం తన వెడల్పులో మూడో వంతు కూడా లేని చీలికల్లోంచి ఒళ్లు సన్నం చేసుకుని దూరి బయటపడాలి. ముసలి కణాలకి ఆ మెత్తదనం ఉండదు, అవి అక్కడే ఆగుతాయి, మాక్రోఫేజులు మింగేస్తాయి. మలేరియా పట్టిన కణాలు కూడా అంతే. ఏటా జ్వరాలొచ్చే పిల్లల ప్లీహం ఈ చాకిరీకి పెరిగిపోతుంది. మనవాళ్లు కడుపులో బల్ల అనేది దాన్నే. పేషెంటు తల్లితో నువ్వు స్ప్లీనోమెగలీ అనకు, బల్ల పెరిగిందమ్మా అను, ఆవిడకి ఎక్కడ నొక్కి చూడాలో కూడా తెలుసు.

సికిల్ సెల్‌లో కూడా కథ ఈ చీలికల దగ్గరికే వస్తుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది వాలీన్ ఉంటుంది. మార్పు అంతే. ఆక్సిజన్ తగ్గినచోట ఆ హిమోగ్లోబిన్ కర్రలుకట్టి కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. 120 రోజులు బతకాల్సిన కణం పది, ఇరవై రోజులకే పోతుంది. సన్న నాళాలు మూసుకుపోయి కీళ్లూ ఎముకలూ నొప్పులు. ప్లీహం మొదట పెరిగి, తర్వాత దానికే రక్తం అందక చివికి చిన్నదైపోతుంది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తే జబ్బు, ఒకరి నుంచే వస్తే ట్రెయిట్. ట్రెయిట్ ఉన్నవాళ్లకి ఫాల్సిపారం ముదిరి చంపడం తక్కువ. మలేరియా ఉన్న అడవుల్లోనే ఈ మార్పు ఎందుకు నిలిచిందో అందులోనే ఉంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 గడువు. శిబిరాల్లో ట్రెయిట్ అని కార్డు చేతికిస్తే, ఆ పిల్లకి జబ్బుందని పెళ్లి సంబంధాలు వెనక్కి పోతున్నాయి. పరీక్ష చెయ్యడం సులువు, ట్రెయిట్ జబ్బు కాదనీ, ఆ మార్పు ఇద్దరిలోనూ ఉంటేనే పిల్లల గురించి ఆలోచించాలనీ నమ్మించడం కష్టం. మాకు ఎక్కువ టైము తినేది అదే. నువ్వు డాక్టరమ్మ హోదాలో చెబితే వింటారు.

ఇక పనికొచ్చే చిన్న మాటలు. స్లైడ్‌ని ముందు కిటికీ వెలుతురుకి పట్టి ఉత్త కంటితో చూడు, ఎక్కడ ముద్దగా ఉంది, ఎక్కడ గొట్టంలా ఉంది తెలుస్తుంది. తర్వాత చిన్న లెన్స్, తర్వాత 10, ఆఖరికి 40. నూరు లెన్స్ రక్తపూతకే. ఆయిల్ పెట్టింది తుడవకుండా వదిలేస్తే మీ అటెండరు తిట్టడం న్యాయమే. రికార్డులో గులాబి, నీలం పెన్సిళ్లు రెండే వాడమంటారు, నాసిరకానివి కొనకు, రుద్దితే కాగితం చిరుగుతుంది. పక్క పిల్ల రికార్డు చూసి బొమ్మ వెయ్యకు. స్పాటర్లలో గుర్తింపు పాయింట్లు రెండు రాయమన్నప్పుడు, ఆ స్లైడ్‌లో నీకు నిజంగా కనిపించిన రెండు రాయి. పుస్తకంలో మూడోది ఉన్నా సరే, నీ స్లైడ్‌లో లేకపోతే వదిలెయ్యి. బ్లాస్ట్ అంటే కట్టేది, సైట్ అంటే స్థిరపడ్డది, క్లాస్ట్ అంటే విరగ్గొట్టేది, ఎముక పాఠం రాత్రి ఈ మూడూ మనసులో పెట్టుకుని పడుకో.

మా ల్యాబ్‌లో రక్తం ఉంటుంది గానీ కోసిన ముక్కలుండవు. లివర్ సైనుసాయిడ్ అని ఇంత రాశాను, దాన్ని సరిగ్గా చూసి చాలా ఏళ్లయింది. మీ లివర్ స్లైడ్‌లో ఒక సెంట్రల్ వీన్, దాని నుంచి విసనకర్రలా పోయే కణాల వరసలు, మూలన పోర్టల్ ట్రయాడ్ వచ్చేలా ఐపీస్ మీద ఫోను పెట్టి ఒక ఫోటో తీసి పంపు. ట్రయాడ్‌లో మూడూ ఏవో నువ్వు ఎర్ర ఇంకుతో గుర్తులు పెట్టి మరీ పంపు. పిత్తవాహికకి క్యూబాయిడల్ గోడ ఉండాలి, లేకపోతే తిరిగి పంపిస్తాను. మీ అమ్మ చేసిన ఇప్పపువ్వు లడ్డూలు సోమవారం భద్రాచలం మీదుగా వచ్చే బస్సులో డ్రైవరు చేతికిస్తున్నాం, డిపో దగ్గర తీసుకో.

ఇట్లు,
నీ మామయ్య